మంచి కాలు గాల్లో ఎంతసేపు ఉంది?

పక్షవాతం వచ్చినవాళ్ళ నడక అర్థం కావాలంటే, చదవడం కాసేపు ఆపి గోడ పక్కకి వెళ్ళండి. కుడి భుజం, కుడి పాదం అంచు రెండూ గోడకి ఆనించి నిలబడండి. ఇప్పుడు ఎడమ కాలు పైకెత్తి, మూడు లెక్కపెట్టేదాకా దించకుండా ఉంచండి.

ఉండదు. నేల విడిచిన మరుక్షణం కాలు మళ్ళీ కిందికొస్తుంది. కొందరికైతే నేలే విడవదు. ఆ కాలికి ఏ జబ్బూ లేదు, సత్తువకీ లోటు లేదు. ఎడమ కాలు లేవాలంటే ముందు ఒంటి బరువు కుడి పాదం మీదికి జరగాలి. జరగడానికి గోడ చోటివ్వలేదు, అంతే.

గోడ లేనప్పుడు ఈ జరుగుబాటు మన ఎరికలోకే రాదు. ఎత్తబోయే పాదం మొదట నేలని ఒక్క పిసరు గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడుకి నడుము రెండో వైపుకి ఒరుగుతుంది. బరువు అటు చేరాక ఇటు కాలు తేలికై లేస్తుంది. మొత్తం తతంగానికి సుమారు అర సెకను. నడకలో మన కంటికి ఆనేది లేచిన కాలు, పని చేసేది నిలబడ్డ కాలు.

పక్షవాతం వచ్చిన ఇంట్లో ఈ సంగతే మరుగున పడుతుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి పెద్దాయన్ని మంచం పక్కన నిలబెడతారు. "కాలెత్తు నాన్నా, ఇంకొంచిం ఎత్తు" అని కొడుకు. "నెగట్నేదురా" (లేవట్లేదురా) అని తండ్రి. ఇంటిల్లిపాది చూపూ పడిపోయిన కాలు మీదే. ఆ చూపు రెండో కాలు మీదికి ఎందుకు మళ్ళాలో చెప్పాలంటే, అసలు మనిషి నిలబడడం ఎలా సాగుతుందో ముందు చూడాలి.

గట్టు మీద మనిషి

ఒంటి బరువంతా ఒక్క చుక్కలో ఉందనుకుంటే, ఆ చుక్క బొడ్డుకి కాస్త దిగువన కటి ఎముకల మధ్య ఉంటుంది. నిటారుగా నిలబడ్డప్పుడు అక్కణ్ణించి దారం వేలాడదీస్తే అది చీలమండ మీద పడదు, దానికి నాలుగైదు సెంటీమీటర్ల ముందు పడుతుంది. కాబట్టి ఒళ్ళు ఎప్పుడూ ముందుకి తూలడానికే చూస్తుంటుంది. పిక్కల కండరాలు వెనక నుంచి లాగి పట్టుకుంటాయి. కదలకుండా నిలబడ్డాననుకునే మనిషి కూడా సన్నగా ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటాడు.

ఉభాల (వరి నాట్ల) రోజుల్లో జానెడు వెడల్పు గట్టు మీద నారు కట్ట నెత్తిన పెట్టుకుని పోయే మనిషిని గమనించండి. ఊగు చిన్నదైతే చీలమండ దగ్గరే సర్దుకుంటాడు. పాదం అటూ ఇటూ చిన్నగా నొక్కితే చాలు. కానీ గట్టు సన్నం కాబట్టి పక్కకి నొక్కడానికి పాదం కింద చోటు తక్కువ. అప్పుడు నడుము ఒక పక్కకి, భుజాలు ఇంకో పక్కకి విసురుతాడు, చేతులు రెక్కల్లా లేస్తాయి. అదీ చాలకపోతే మిగిలింది ఒకటే, అడుగు వేసెయ్యడం. గట్టు మీద ఆ అడుగు బురదలో పడుతుంది. చీలమండ, నడుము, అడుగు అనే ఈ మూడు ఎత్తులూ అందరికీ ఉన్నవే. వయసు మళ్ళినవాళ్ళు చీలమండని నమ్మడం తగ్గించి నడుమునీ అడుగునీ ముందే వాడేస్తారు. వాళ్ళ నడక గంతుల్లా కనిపించడానికి అదో కారణం.

ఎటు ఒరుగుతున్నామో ఒంటికి చెప్పేవి మూడు. పాదాల, చీలమండల స్పర్శ ఒకటి. లోపలి చెవిలో మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు, వాటి పక్కన సున్నపు రవ్వలున్న రెండు సంచులు కలిసి ఇంకొకటి. గొట్టాలు తల తిరగడాన్ని పసిగడతాయి, రవ్వల సంచులు తల వాలునీ వేగంలో మార్పునీ పసిగడతాయి. మూడోది కన్ను. గట్టి నేల మీద, వెలుతురులో మెదడు ఎక్కువగా వినేది పాదాల మాట. కళింగపట్నం రేవులో పడవెక్కగానే పాదాల మాట చెల్లదు. పడవే ఊగుతోంది కదా. మెదడు ఆ మాట విలువ తగ్గించి చెవికీ కంటికీ పెంచుతుంది. రోజంతా సముద్రం మీద ఉండి దిగినవాళ్ళకి ఇసుక తీరం కూడా ఊగినట్టు అనిపించడం, ఆ తూకం ఇంకా వెనక్కి మారకపోవడం వల్లే.

ఈ మూడింటిలో ఒకటి చెడితే మిగతా రెండూ కప్పిపుచ్చుతాయి, అందుకే చాన్నాళ్ళు బయటపడదు. చక్కెర జబ్బు ముదిరినవాళ్ళకి పాదాల నరాలు దెబ్బతింటాయి. మూత్రపిండాల జబ్బు ఏళ్ళ తరబడి సాగినా అంతే, ఉద్దానం ఊళ్ళలో ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి. పగలు బాగానే నడుస్తారు. మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే తూలతారు, కరెంటు పోతే గోడ వెతుక్కుంటారు. కన్ను ఇన్నాళ్ళూ పాదాల పని కూడా చేస్తోందన్నమాట. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు రోంబర్గ్ చెప్పిన పరీక్ష దీనికే. పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు కట్టుకుని, ముందు కళ్ళు తెరిచి అర నిమిషం, తర్వాత మూసి అర నిమిషం నిలబడాలి. పక్కన ఒక మనిషి పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. తెరిచినప్పుడు నిలబడి, మూసినప్పుడు పడబోతే లోపం పాదాల స్పర్శలోనో చెవిలోనో ఉంది. ఇలాంటివాళ్ళకి స్నానానికి స్టూలు, దొడ్లోకి వెళ్ళే దారిలో రాత్రంతా చిన్న బల్బు, ఏ మందు బిళ్ళకన్నా ముందు కావాల్సినవి.

చెవి విషయంలో మన దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. మంచం మీద పక్కకి ఒత్తిగిలగానే, అటక మీదికి చూడగానే గిర్రున తిరిగి నిమిషంలోపు తగ్గిపోయే తల తిరుగుడుని 'గ్యాస్' అనో 'మెడ ఎముక అరిగింది' అనో చెప్పి నెలల తరబడి బిళ్ళలు మింగిస్తారు, మెడపట్టీ కట్టిస్తారు. చాలాసార్లు అది సంచిలోని సున్నపు రవ్వ జారి గొట్టంలో పడడం. తలని వరసగా నాలుగు భంగిమల్లోకి తిప్పి రవ్వని బయటికి దొర్లించే ఎప్లీ పద్ధతి ఉంది, చెవి ముక్కు గొంతు వైద్యుడి దగ్గర పది నిమిషాల పని. తల తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, అసలు నిలబడలేకపోవడం ఉంటే మాత్రం అది చెవి కాదు, మెదడు అనుకుని పరుగెత్తాలి.

ముందే కదిలే కండరాలు

గట్టు మీద కాలు జారిందనుకోండి. వెన్నుపాము నుంచి తిరుగు కుదుపు 40, 50 మిల్లీసెకన్లలో వస్తుంది. అది మొరటుది, దానితోనే నిలదొక్కుకోలేం. మెదడుని వెన్నుపాముతో కలిపే మెదడు కాండం సర్దే అసలు జవాబు 100 మిల్లీసెకన్ల దగ్గర వస్తుంది. మనం కావాలని చేసే కదలిక 200 దాకా మొదలే కాదు. నోట్లోంచి "అమ్మో" వచ్చేసరికి నిలబడడమో పడడమో తేలిపోయి ఉంటుంది. 'జాగ్రత్తగా నడువు' అన్న సలహా ముసలివాళ్ళని పడకుండా కాపాడలేకపోవడం అందుకే.

జవాబులకన్నా గొప్పవి ముందస్తు సర్దుబాట్లు. నిలబడి ఎదురుగా అలమరలోని డబ్బా అందుకోవడానికి చెయ్యి చాపితే మొదట బిగిసేది భుజం కాదు, కాలి వెనక కండరాలు. చెయ్యి ముందుకెళ్తే ఒళ్ళు ముందుకి లాగబడుతుందని మెదడుకి తెలుసు, అందుకే భుజానికి పదుల మిల్లీసెకన్ల ముందే కాళ్ళని కట్టుదిట్టం చేస్తుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. అలాంటి ఎత్తుల్లో చేతులు చాలామటుకు తాళ్ళలా పనిచేస్తాయి, బరువుని నేల నుంచి లేపేవి పాదాలూ తొడలూ నడుమూ. కంచం ఎత్తే చేతికీ ఇదే వరస.

ఈ ముందుచూపు నేర్చుకునేది చిన్నమెదడు. మెదడు పరిమాణంలో పదో వంతే ఉంటుంది గానీ నాడీకణాల్లో దాదాపు 80 శాతం అక్కడే ఉన్నాయి. నిండుగా ఉందనుకుని ఖాళీ బిందె ఎత్తితే చెయ్యి ఎగిరిపోతుందే, అది చిన్నమెదడు వేసిన అంచనా తప్పడం. రెండోసారి ఆ పొరపాటు జరగదు. అలవాటైన కదలికల్ని దానంతటదే సాగనిచ్చేది మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా. వణుకు జబ్బు పార్కిన్సన్‌లో దెబ్బతినేది అదే. గుమ్మం దగ్గర అతుక్కుపోయినట్టు ఆగిపోయే పార్కిన్సన్ రోగి, నేల మీద అడుగు దూరంలో సుద్దముక్కతో అడ్డగీతలు గీస్తే వాటిని దాటుకుంటూ నడిచేస్తాడు. కన్ను వేరే దారి చూపిందన్నమాట.

వీటన్నిటి మీద కావాలని చేసే కదలికకి ఆజ్ఞ మెదడు పైపొర నుంచి దిగుతుంది. ఆ నరాల కట్ట మెదడు నడిమిలో ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు సందులోంచి పోతుంది, కింద మెదడు కాండం చివర నూటికి 85, 90 పోగులు అటువైపు నుంచి ఇటువైపుకి దాటతాయి. అందుకే మెదడు కుడివైపు దెబ్బకి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోతాయి. ఆ సందుకి రక్తం తెచ్చే గొట్టాలు వెంట్రుకల్లా సన్నం. ఏళ్ళ తరబడి అదుపు తప్పిన రక్తపోటు ముందు పాడుచేసేది వాటినే. కందిగింజంత చోటు చచ్చినా సగం ఒళ్ళు పడిపోవడం ఆ ఇరుకు వల్ల.

నడుమూ వెన్నూ నిలబెట్టే కండరాలకి మెదడు రెండు వైపుల నుంచీ, కాండం నుంచీ కూడా తీగలున్నాయి. కాబట్టి అవి పూర్తిగా పడిపోవు, త్వరగా తేరుకుంటాయి. వేళ్ళకి దాదాపు ఒక్క దారే, అందుకే చెయ్యి అన్నిటికన్నా ఆలస్యం. పైదారి మూసుకుపోయాక కాండం నుంచి వచ్చే పాత దారులు పెత్తనం తీసుకుంటాయి. వాటికి కండరాలని విడివిడిగా కదపడం రాదు, గుంపుగానే కదుపుతాయి. మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు కలిసి ముడుచుకుంటాయి. మోకాలు, చీలమండ కలిసి కర్రలా చాచుకుంటాయి. మొదట గుడ్డపేలికలా వేలాడిన కాలూ చెయ్యీ కొన్ని వారాల్లో బిగుసుకోవడం ఇదే. 'బలం వస్తోంది' అని ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. వచ్చింది బిగువు. బలం వేరు.

దెబ్బ తగిలాక

మొదటి గంటల మాట క్లుప్తంగా. మూతి ఒక పక్కకి పోవడం, చెయ్యి జారిపోవడం, మాట తడబడడం, ఒక్కసారిగా తూలడం, వీటిలో ఏది కనిపించినా 108. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు, అదీ మనిషిని చివరిసారి బాగా చూసిన వేళ నుంచి. అంతకుముందు సీటీ స్కాన్ తీసి అది రక్తస్రావం కాదని తేల్చాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం నూరు కిలోమీటర్ల పైమాటే, అక్కడివాళ్ళకి బరంపురం దగ్గర. స్కానూ ఇంజెక్షనూ రెండూ ఉన్న ఆస్పత్రి ఏదో రక్తపోటు ఉన్న ప్రతి ఇల్లూ ముందే కనుక్కుని పెట్టుకోవాలి. నాటు వైద్యమని పావురం రక్తం రాయించుకోవడానికి బండి కట్టించుకుని పోయినవాళ్ళు పోగొట్టుకునేది డబ్బు కాదు, ఈ గంటలు.

మొదటి రోజుల్లో చెడేవి రెండు, మింగడం, భుజం. గొంతు కండరాలు మందగించినప్పుడు పల్చటి నీళ్ళే ఎక్కువ ప్రమాదం. గొంతు మూసుకునేలోపే జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మింగడం పరీక్షించేదాకా నోట్లో ఏమీ పోయకూడదు. అనుమతించాక కూడా పూర్తిగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, చిన్న చెంచాతో పెట్టాలి. చిక్కటి చోడి (రాగి) అంబలి దిగినంత సులువుగా మంచినీళ్ళు దిగవని గుర్తుంచుకోవాలి. దగ్గు రావడం, మింగాక గొంతు గరగరలాడడం కనిపిస్తే ఆపేయాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

భుజం కీలు గుండ్రటి గోళం లోతులేని చిప్పలో ఆనుకున్నట్టుంటుంది, దాన్ని పట్టి ఉంచేవి కండరాలే. అవి వదులైపోతే 60 కిలోల మనిషి చెయ్యి మూడు కిలోల బరువుతో రోజంతా కిందికి లాగుతుంది. భుజం కొసకీ ఎముకకీ మధ్య వేలు దూరేంత సందు పడుతుంది. పైగా లేపడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ రెక్కే పట్టి లాగుతారు. రెక్క పట్టి లాగడం, చంకలో చేతులేసి ఎత్తడం మానేస్తే చాలు, తర్వాతి నెలల భుజం నొప్పి చాలామటుకు తగ్గుతుంది. కూర్చున్నప్పుడు మోచెయ్యి బల్ల మీదో ఒడిలో దిండు మీదో ఉండాలి. మెడకి వేలాడదీసే గుడ్డ నడిచేటప్పుడు మాత్రమే. రోజంతా కట్టి ఉంచితే ముడుచుకున్న చెయ్యి అలాగే గట్టిపడుతుంది. కప్పీకి తాడేసి మంచి చేత్తో పడిపోయిన చెయ్యిని పైకి లాగడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. చిప్పలో కుదురుగా లేని గోళాన్ని పైకి లాగితే లోపలి మెత్తటి కణజాలం నలుగుతుంది, అంతకుమించి ఒరిగేది లేదు.

మెదడు కుడివైపు దెబ్బ తిన్నవాళ్ళలో కొందరికి ఎడమ ప్రపంచమే ఉండదు. కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపు కూర ముట్టకుండా "కూర వెయ్యలేదేం" అంటారు. కన్ను బాగానే ఉంది, ధ్యాస అటు పోదు. ఇంకొందరు తాము నిటారుగానే ఉన్నామనుకుంటూ మంచి చేత్తో నేలని తోసి పడిపోయిన వైపుకి ఒరిగిపోతారు. వాళ్ళని బలవంతంగా ఇటు లాగితే ఇంకా గట్టిగా తోస్తారు. గుమ్మం నిలువు కమ్మి ఎదురుగా కూర్చోబెట్టి 'దాంతో సమానంగా ఉన్నావా చూసుకో' అనాలి. మంచి వైపున ఉన్న వస్తువుని అందుకోమనాలి. తనంతట తాను ఇటు ఒరిగితేనే పాఠం ఒంటబడుతుంది.

ఎంత త్వరగా లేపాలి? 2015లో వచ్చిన అవెర్ట్ అధ్యయనంలో 2104 మందిని పరీక్షించారు. మొదటి 24 గంటల్లోనే లేపి పదేపదే, ఎక్కువసేపు నడిపించినవాళ్ళు మామూలు పద్ధతిలో లేచినవాళ్ళకన్నా మెరుగ్గా లేరు, కొంచెం వెనకబడ్డారు కూడా. మొదటి రోజు తొందర వద్దు. తర్వాత కొంచెం కొంచెం, ఎక్కువసార్లు.

కూర్చుని లేవడం

ఒక్క వ్యాయామమే చేయించే వీలుంటే అది ఇదే. దీన్ని సరిగ్గా చేయించే ఇళ్ళు తక్కువ.

నులక మంచం, నవారు మంచం పనికిరావు. నడుము కుంగి మోకాళ్ళకన్నా కిందికి పోతుంది, ఆ గుంటలోంచి మామూలు మనిషే కష్టపడి లేస్తాడు. చేతులున్న గట్టి కుర్చీ, 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు. లేవలేకపోతే మడతపెట్టిన దుప్పట్లు వేసి ఇంకా ఎత్తు చేయండి. వారం వారం ఒక దుప్పటి తీసేయండి. పిరుదులు కుర్చీ ముందంచుకి జరగాలి. పాదాలు మోకాళ్ళకన్నా ఓ పది సెంటీమీటర్లు వెనక్కి. ఇక్కడే కిటుకుంది. రోగి తెలియకుండానే మంచి కాలు వెనక్కి, పడిపోయిన కాలు ముందుకి పెట్టుకుంటాడు, లేచేటప్పుడు బరువంతా మంచి కాలిదే అవుతుంది. తిప్పి పెట్టండి. పడిపోయిన కాలు ఇంకో రెండు వేళ్ళు వెనక్కి ఉండాలి.

తర్వాత ముందుకి వంగాలి, ముక్కు బొటనవేళ్ళని దాటేదాకా. గోడ పరీక్షలాగే ఇదీ బరువుని పాదాల మీదికి చేర్చడం. పడతానన్న భయంతో రోగి వెనక్కి వాలతాడు, కొడుకు చేతులు పట్టి పైకి లాగుతాడు, ఇద్దరూ కలిసి ఒంటి బరువుతో పోట్లాడతారు. సాయం చేసేవాళ్ళు పడిపోయిన వైపు కూర్చుని, ఒక అరచేయి ఆ మోకాలి మీద పెట్టి ముందుకీ కిందికీ నొక్కి, రెండో చెయ్యి నడుము వెనక ఆనించాలి. లేవడంకన్నా దిగడం ముఖ్యం. ధబేలున కూలబడకుండా ఐదు లెక్కపెడుతూ కూర్చోవాలి. పదిసార్లు, పూటకి రెండు మూడు విడతలు. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆపాలి.

నిలబడడం కుదిరాక రెండు బరువు యంత్రాలు పక్కపక్కన పెట్టి ఒక్కో పాదం ఒక్కోదాని మీద పెట్టించండి. 60 కిలోల మనిషి మంచి కాలి కింద 42, రెండోదాని కింద 18 చూపించాడనుకోండి, ఇన్నాళ్ళూ ఎటువైపు బతుకుతున్నాడో ఆ అంకెలే చెబుతాయి. 30కి 30 చేరడం ఆట. అంకె కనిపిస్తుంటే మనుషులు చెప్పకుండానే ప్రయత్నిస్తారు.

దాని తర్వాతిది మంచి కాలిని ఎత్తించడం. కిటికీ ఊచలు మంచి చేత్తో పట్టుకుని, ఎదురుగా పది సెంటీమీటర్ల మెట్టు మీద మంచి పాదం పెట్టి దించాలి. పడిపోయిన కాలి మోకాలు ముందుకి మడతపడకుండా సాయంవాళ్ళ మోకాలు అడ్డుండాలి, వెనక్కి విల్లులా వంగి తాళం పడకుండానూ చూసుకోవాలి. పడిపోయిన కాలు ముందుకి ఊగాలంటే అది అంతకుముందు ఒంటి వెనక దాకా బరువు మోసి ఉండాలి. ఉయ్యాల వెనక్కి లాగి వదిలితేనే ముందుకొస్తుంది. వెనక్కే వెళ్ళని కాలిని ముందుకి రమ్మంటే నడుము ఎగరేసి, అర్ధచంద్రాకారంగా తిప్పి ఈడుస్తాడు. 'కాలెత్తు, కాలెత్తు' అన్నకొద్దీ ఆ తిప్పుడు ముదురుతుంది.

పాదం ముందుభాగం వేలాడితే వెనక నుంచి పాదానికి దన్నుగా ఉండే ప్లాస్టిక్ చట్రం వేయించాలి. అదొక ఓటమి అన్నట్టు చాలామంది వాయిదా వేస్తారు, వేలు తట్టుకుని పడి తుంటి విరిగాక వేయించుకుంటారు. హవాయి చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్నవి తొడగాలి. పాదం వేలాడిన ప్రతిదీ పక్షవాతం కాదని కూడా చెప్పాలి. గొంతుక్కూర్చుని రోజుల తరబడి నాట్లు వేసినా జీడిపప్పు ఒలిచినా మోకాలి పక్కన నరం నలిగి పాదం జారుతుంది. పాదం పైభాగం మొద్దుబారుతుంది, చెయ్యీ మాటా బాగానే ఉంటాయి. ఆ భంగిమ మానితే అది చాలామటుకు కొన్ని వారాలు, నెలల్లో తగ్గుతుంది.

కర్ర మంచి చేతిలో. నిలబడి చేతులు వదిలినప్పుడు మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉందో పిడి అంత ఎత్తులో. కర్ర, పడిపోయిన కాలు, మంచి కాలు, ఇదీ వరస. అరుగు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు.

చెయ్యి, లెక్క, గడువు

చేతికి మెత్తటి బంతి ఇచ్చి పిసకమనడం అందరూ చేసే పని. పిసకడం ఆ చేతికి ఎలాగూ వచ్చు, ముడుచుకోవడమే కదా దాని రోగం. రానిది విప్పడం. చింతపండులో గింజలు తీసి గిన్నెలో పడేయడం, చిక్కుడుకాయ ఈనె తీయడం, గ్లాసు పట్టుకుని పక్కకి జరిపి వదలడం, వదలడమే లెక్క. మణికట్టు 20 డిగ్రీలు, వేళ్ళు 10 డిగ్రీలు తనంతట తాను పైకి లేపగలిగినవాళ్ళకి మంచి చేతికి తొడుగు కట్టి పడిపోయిన చేత్తోనే పనులు చేయించే పద్ధతి ఉంది. మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం, రెండు వారాలు, రోజుకి ఆరు గంటల దాకా సాధన. 2006లో ఎక్సైట్ అధ్యయనంలో 222 మంది మీద ఇది పనిచేసింది. వేళ్ళు అసలే కదలనివాళ్ళకి ఇది శిక్ష తప్ప చికిత్స కాదు. నడిచేటప్పుడు తొడుగు ఉండకూడదు, పడబోతే పట్టుకునేది ఆ చెయ్యే.

సంఖ్య దగ్గరే అందరం తప్పుతాం. జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లో మెదడు కొత్త దారులు వేసింది రోజుకి కొన్ని వందల సార్లు చేయించినప్పుడు. అమెరికా, కెనడాల్లో ఫిజియోథెరపీ గదుల్లో కూర్చుని లెక్కపెడితే ఒక విడతలో చెయ్యితో చేయించే పని సగటున 32 సార్లు తేలింది. నూనె మర్దనా ఈ లెక్కలోకి రాదు. హాయిగా ఉంటుంది, చర్మానికి మంచిది, కానీ కదిపింది మర్దనా చేసేవాళ్ళు, రోగి మెదడు కాదు.

ఇంటివాళ్ళకి నేర్పి వదిలేస్తే సరిపోతుందా? 2017లో అటెండ్ అనే అధ్యయనం మన దేశంలోని 14 ఆస్పత్రుల్లో 1250 మందితో ఇదే చూసింది. కుటుంబానికి శిక్షణ ఇచ్చిన గుంపు ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం అందినవాళ్ళకన్నా మెరుగ్గా లేదు. దీన్ని బట్టి ఇంట్లో సాధన దండగ అనుకోనక్కర్లేదు. నేర్పినది పది రోజులకే వంకర పోతుంది, కాళ్ళు మళ్ళీ పాత చోటికి జారతాయి, దుప్పటి తీయడం మరిచిపోతారు. వారానికోసారైనా ఫిజియోథెరపిస్ట్ కన్ను పడాలి. ఊరికి దూరమైతే ఫోన్‌లో వీడియో పంపినా నయమే.

తేరుకోవడం ఎక్కువగా జరిగేది మొదటి మూడు నెలల్లో. వాపు తగ్గుతుంది, దెబ్బ తినకపోయినా స్తంభించిపోయిన పక్క ప్రాంతాలు మేల్కొంటాయి, వాటిలో కొన్ని పోయినవాటి పని నేర్చుకుంటాయి. ఆరు నెలల తర్వాత వేగం తగ్గుతుంది, ఆగదు. 'ఆర్నెల్లయింది, ఇంక రాదు' అని మానేసినవాళ్ళకి రాకపోవడానికి కారణం ఆరు నెలలు కాదు, మానేయడం.

ముందుకెళ్తున్నారో లేదో తెలియాలంటే రెండు వారాలకోసారి, ఒకే వరండాలో, పక్క నుంచి ఫోన్‌తో నడక వీడియో తీయండి. నెమ్మది చేసి చూసుకోండి, మంచి పాదం మీద కన్ను పెట్టి. మామూలు నడకలో ఏ పాదమైనా సుమారు 0.4 సెకను గాల్లో ఉంటుంది. పక్షవాతం నడకలో మంచి పాదం లేచీ లేవగానే టప్పున కింద పడుతుంది. ఆ ఒక్క క్షణం కూడా రెండో కాలు మోయలేకపోతోంది మరి. మొదట్లో అది పడిపోయిన పాదం పక్కనే ఆగిపోతుంది. కొన్ని వారాలకి దాన్ని నాలుగు వేళ్ళు దాటి పడుతుంది. ఇంకొన్నాళ్ళకి జానెడు. ఎత్తు గడప ఉన్న పాత పెంకుటింట్లో అయితే వీడియో కూడా అక్కర్లేదు, గుమ్మం పక్కన కూర్చుంటే చాలు. కర్ర అవతల పెట్టి, పడిపోయిన కాలు అవతల మోపాక, ఇవతల మిగిలిన మంచి కాలు గడప మీద ఆగి ఊపిరి తీసుకుంటోందా, ఆగకుండా దాటి వచ్చేస్తోందా అన్నది అక్కణ్ణించే కనిపిస్తుంది.